వాహనంలో ఉన్న కెమెరాతో వాతావరణాన్ని గుర్తించడం: ఏది సాధ్యం, ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ వాహనాల ముందు అద్దం వెనుక ఇప్పటికే ఒక కెమెరా ఉంది. అదనంగా ఏ సెన్సరూ అమర్చే వీలు లేదు. ఆ కెమెరా దృశ్యాలతోనే వాన, పొగమంచు, హిమపాతం, తడి రోడ్డు వంటివాటిని గుర్తించగలమా, అందుకు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకు) "నిర్మలం, వాన, పొగమంచు, హిమం" అని నాలుగు పేర్లు నేర్పిస్తే సరిపోతుందా అని అడిగారు.

గుర్తించగలం, కానీ నాలుగు పేర్లు నేర్పిస్తే సరిపోదు. పగటిపూట ఓ మోస్తరు వాన, దట్టమైన పొగమంచు, రోడ్డును కప్పేసిన హిమం, ఈ మూడింటినీ మామూలు రంగుల కెమెరా నమ్మదగిన స్థాయిలోనే పట్టుకుంటుంది. సన్నని తుంపర, పలుచని పొగమంచు, రాత్రివేళ తడి రోడ్డు విషయానికొస్తే వాహనంలోని ఇతర సంకేతాల తోడు కావాలి. రోడ్డు మీద గాజులా పరుచుకునే పలుచని మంచుపొరను మాత్రం ఆ ఒక్క కెమెరాతో గుర్తిస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి.

మాటల దగ్గరే ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో "మంచు" అనే ఒక్క మాటతో పొగమంచునూ, కురిసే హిమాన్నీ, గడ్డకట్టిన నీటినీ పిలుస్తాం. చిత్రాలకు లేబుళ్లు పెట్టేవారికి ఈ మూడింటినీ వేరుచేసి రాతపూర్వకంగా ఇవ్వకపోతే, మీ డేటా మొదటి వారంలోనే కలగాపులగం అవుతుంది. ఈ సమాధానంలో పొగమంచు అంటే గాలిలో తేలే సూక్ష్మమైన నీటి బిందువులు, హిమం అంటే పైనుంచి కురిసేది, మంచుపొర అంటే రోడ్డు మీద గడ్డకట్టిన నీరు.

వాహన కెమెరాల దృశ్య విశ్లేషణే చాలా ఏళ్లుగా నా వృత్తి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన సంగతి ఒకటుంది: కెమెరాకు అందేది వాతావరణం వదిలిన జాడలు మాత్రమే, అవి మూడు వేర్వేరు చోట్ల పడతాయి: అద్దం మీద, గాలిలో, రోడ్డు మీద. ఈ మూడూ అన్నిసార్లూ ఏకీభవించాలని లేదు. వాన వెలిశాక రోడ్డు చాలాసేపు తడిగానే ఉంటుంది, అద్దం మాత్రం రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. సొరంగంలోకి వెళ్లగానే రోడ్డు పొడిగా, అద్దం తడిగా కనిపిస్తాయి. పైనుంచి ఒక్క చినుకు పడకపోయినా, ముందు వెళ్తున్న లారీ చక్రాలు చిమ్మే నీళ్లతో అద్దం నిండిపోతుంది. ఇలాంటి సందర్భాల్లో ఒకే ఒక్క పేరు చెప్పమని నెట్‌వర్క్‌ను అడిగితే, అది ఏ పేరు చెప్పినా సగం తప్పే అవుతుంది. అందుకే నేను పేర్లు అడగడం మానేసి, మూడు కొలతలు అడగడం మొదలుపెట్టాను: అద్దం మీద బిందువులు చేరే వేగం, గాలిలో ఎన్ని మీటర్ల దూరం కనిపిస్తోంది, రోడ్డు పొడిగా ఉందా, తడిసిందా, హిమంతో కప్పబడి ఉందా.

ముందుగా అద్దం సంగతి చూద్దాం. చాలా వాహనాల్లో ఉండే మామూలు వాన సెన్సర్ పరారుణ కాంతిని అద్దంలోకి ఏటవాలుగా పంపుతుంది. అద్దం పొడిగా ఉంటే ఆ కాంతి లోపలే సంపూర్ణంగా పరావర్తనం చెంది తిరిగి వస్తుంది, పైన నీటి బిందువు ఉంటే కొంత కాంతి బయటికి జారిపోతుంది, ఆ తగ్గుదలే కొలత. కెమెరాకు ఈ సదుపాయం లేదు. అది దూరాన ఉన్న రోడ్డు మీద ఫోకస్ అయి ఉంటుంది, బిందువేమో లెన్స్‌కు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి చిత్రంలో అంచులు లేని మసక మచ్చలా మాత్రమే కనబడుతుంది. అయినా ఈ దారి అసాధ్యమేమీ కాదు. టెస్లా తన కార్లలో విడిగా వాన సెన్సర్ పెట్టకుండా, కెమెరా దృశ్యాలతోనే వైపర్లను నడిపించే పద్ధతిని ఎంచుకుంది. అంతకు చాలా ముందే, 2005లో, కురిహతా, ఆయన సహపరిశోధకులు వాన బిందువుల ఆకృతులను ప్రధాన అంశాల విశ్లేషణతో (చాలా చిత్రాల్లోని ఉమ్మడి నమూనాలను వెలికితీసే గణిత పద్ధతితో) నేర్పి, వాహన కెమెరా చిత్రాల్లో వాటిని వెతికే పద్ధతిని ప్రచురించారు.

బిందువును పట్టుకోవడానికి ఆకారం కంటే కదలిక ఎక్కువ ఉపయోగపడుతుందని నా అనుభవం. వాహనం కదులుతున్నప్పుడు చిత్రంలోని చెట్లు, గీతలు, వాహనాలు అన్నీ పారుతూ ఉంటాయి, అద్దం మీది మచ్చ మాత్రం ఉన్న పిక్సెళ్ల దగ్గరే ఉండిపోతుంది. అయితే రాయి తగిలి పడ్డ చిల్లు, అతుక్కున్న పురుగు, ఎండిన బురద కూడా అలాగే కదలకుండా ఉంటాయి. మా తొలి ప్రోగ్రాము, ఆకాశంలో ఒక్క మబ్బు లేని రోజున ఒక వాహనం నుంచి ఉదయమంతా వాన పడుతోందని నివేదించింది. ఫ్రేములను ఒక్కొక్కటిగా తీసి చూస్తే, కెమెరా ఎదురుగా అద్దానికి రెండు మచ్చలు, రెండూ పురుగులు చితికినవే. వాటిని వేరుచేసే పనిని ఆ తర్వాత వైపర్‌కే అప్పగించాం. వైపర్ బ్లేడు కెమెరా ముందునుంచి దాటిన వెంటనే వచ్చే ఫ్రేమును శుభ్రమైన ఆధారంగా తీసుకోవాలి, మళ్లీ బ్లేడు వచ్చేలోపు కొత్తగా ఎన్ని మచ్చలు చేరాయో లెక్కించాలి. తుడిచినా పోని మచ్చ వాన కాదు. రెండు తుడుపుల మధ్య కొత్తగా చేరిన బిందువుల సంఖ్యే అద్దం నుంచి దొరికే అత్యంత నిజాయితీగల కొలత. వాహనం వేగంగా వెళ్తున్నప్పుడు అదే వానలో అద్దానికి ఎక్కువ బిందువులు తగులుతాయి, మరీ వేగం పెరిగితే గాలి వాటిని పైకి నెట్టేస్తుంది. కాబట్టి ఆ సంఖ్యను వాహన వేగంతో కలిపి చూడకుండా "భారీ వాన" అని తేల్చకూడదు.

గాలిలో పడుతున్న చినుకులనే నేరుగా చూడవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 2004లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన గర్గ్, నాయర్ వీడియోలో వానధారలను గుర్తించి తొలగించే పద్ధతిని ప్రచురించారు, మరుసటి ఏడాది కెమెరా ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగును సేకరించే సమయం), ఫోకస్ అమరికలను బట్టి వాన కనబడటం, కనబడకపోవడం ఎలా మారుతుందో చూపించారు. వాహన కెమెరాలో ఆ అమరికలు మన చేతిలో ఉండవు. ఎల్ఈడీ దీపాలు మిణుకుమనకుండా కనబడాలని చాలా వాహన కెమెరాలు ఎక్స్‌పోజర్‌ను 10 మిల్లీసెకన్లకు పైనే ఉంచుతాయి. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది కాబట్టి, 11 మిల్లీసెకన్లలో అది దాదాపు 7 సెంటీమీటర్లు జారుతుంది. అంటే దాని ఆనవాలు దాని వ్యాసానికి 35 రెట్ల పొడవున పలచబడిపోతుంది. పైగా ఫోకల్ దూరం (లెన్స్ దృశ్యాన్ని ఎంత పెద్దదిగా చూపుతుందో తెలిపే కొలత) 1400 పిక్సెళ్లున్న కెమెరాలో, 5 మీటర్ల దూరాన ఉన్న ఆ చినుకు వెడల్పు అర పిక్సెల్‌కు కాస్త ఎక్కువ, అంతే. పగటిపూట ఈ ధారల మీద ఆధారపడే పద్ధతిని నేను పూర్తిగా వదిలేశాను. హిమపు రేకులు పెద్దవి, సెకనుకు ఒక మీటరు అటూఇటూగా నెమ్మదిగా దిగుతాయి కనుక అవి మెరుగ్గా చిక్కుతాయి, రాత్రి హెడ్‌లైట్ వెలుగులో మరీ స్పష్టంగా కనబడతాయి.

పొగమంచు విషయంలో మాత్రం మన దగ్గర గట్టి భౌతిక సూత్రం ఉంది. 1924లో కోష్మీడర్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, దూరం పెరిగేకొద్దీ వస్తువు నుంచి వచ్చే వెలుగు ఘాతీయంగా తగ్గుతుంది, ఆ లోటును పొగమంచు చెదరగొట్టిన తెల్లని వెలుగు పూరిస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని 2006లో ఫ్రాన్స్‌కు చెందిన నికొలా ఒత్యేర్, ఆయన సహపరిశోధకులు ఒకే ఒక్క వాహన కెమెరాతో దృశ్యమానతను, అంటే ఎంత దూరం కనిపిస్తుందన్నదాన్ని, మీటర్లలో అంచనా వేసే పద్ధతిని ఇచ్చారు. చిత్రంలో రోడ్డు మీదుగా కిందినుంచి పైకి పిక్సెళ్ల వెలుగును చదువుకుంటూ పోతే, పొగమంచులో ఆ వెలుగు రేఖ ఒకచోట వంపు మారుతుంది. ఆ మలుపు క్షితిజరేఖకు (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీతకు) ఎన్ని పిక్సెళ్ల దిగువన ఉందో తెలిస్తే పొగమంచు సాంద్రత తెలిసిపోతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. కెమెరా రోడ్డుకు 1.2 మీటర్ల ఎత్తున ఉంది, ఫోకల్ దూరం 1400 పిక్సెళ్లు, అంటే రెండింటి లబ్ధం 1680. వంపు మలుపు క్షితిజరేఖకు 20 పిక్సెళ్ల కింద ఉంటే, ఆ చోటు రోడ్డు మీద 1680ని 20తో భాగించగా వచ్చే 84 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఈ పద్ధతిలో, 5 శాతం కాంట్రాస్ట్ (వస్తువుకూ దాని నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) మిగిలే దూరాన్ని దృశ్యమానతగా తీసుకుంటే, అది ఆ దూరానికి ఒకటిన్నర రెట్లు, అంటే 126 మీటర్లు. ఇప్పుడు వాహనం బ్రేకు వేయడం వల్ల ముక్కు కాస్త కిందికి వంగి, క్షితిజరేఖ అంచనా 3 పిక్సెళ్లు తప్పిందనుకుందాం. కోణంలో అది డిగ్రీలో ఎనిమిదో వంతు మాత్రమే. అయినా సమాధానం 110 మీటర్లకు పడిపోతుంది, లేదా 148కి పెరుగుతుంది. అదే నిజమైన దృశ్యమానత 400 మీటర్లయితే మలుపు క్షితిజరేఖకు 6 పిక్సెళ్ల పైచిలుకు దూరంలోనే ఉంటుంది, అప్పుడు అదే 3 పిక్సెళ్ల పొరపాటుకు జవాబు సుమారు 270 నుంచి 760 మీటర్ల దాకా ఎక్కడైనా తేలవచ్చు. అందువల్ల ఈ పద్ధతిని 200 మీటర్ల లోపు పొగమంచుకే నమ్ముతాను. అంతకు మించితే మీటర్ల సంఖ్య చెప్పకుండా "పలుచన" అని మాత్రమే నమోదు చేయిస్తాను. వాతావరణ శాస్త్రంలో దృశ్యమానత 1 కిలోమీటరు కంటే తగ్గితేనే పొగమంచు అంటారన్నది గుర్తుంచుకుంటే, ఆ నిర్వచనంలో పెద్ద భాగం వాహన కెమెరా కొలవగలిగే పరిధికి బయటే ఉందని తెలుస్తుంది. అయితే బండి నడిపేవారికి ప్రమాదం తెచ్చేది ముఖ్యంగా ఆ 200 మీటర్ల లోపు పొగమంచే కాబట్టి, ఈ కొలతకు ఉన్న విలువ చిన్నదేమీ కాదు.

ఈ పద్ధతికి ముందు రోడ్డు ఖాళీగా ఉండాలి. ముందున్న వాహనం వెనుక భాగం చిత్రాన్ని నింపేస్తే మలుపు దొరకదు, దొరికినా అది పొగమంచుది కాదు. రాత్రి ఈ సూత్రం అసలు వర్తించదు, ఎందుకంటే అది ఆకాశమంతటి నుంచి వచ్చే పగటి వెలుగును ఊహించుకుంటుంది. రాత్రి వెతకాల్సినవి రెండు: సొంత హెడ్‌లైట్ల వెలుగు తిరిగి మన వైపే చెదిరి ఏర్పడే తెల్లని తెర, ఎదురు దీపాల చుట్టూ కనిపించే కాంతి వలయం.

పొగమంచును అనుకరించే దొంగ ఒకటుంది, దాని చేతిలో మేమూ మోసపోయాం. చలి ఉదయాల్లో కొన్ని వాహనాలు బయలుదేరిన మొదటి కొద్ది నిమిషాలు దట్టమైన పొగమంచు ఉందని చెప్పి, ఆ తర్వాత ఒక్కసారిగా అంతా నిర్మలమని చెప్పేవి. అది అద్దం లోపలివైపు పట్టే ఆవిరి. వేడిగాలి తగలగానే పోయేది. రెండింటినీ పక్కపక్కన పెట్టి దగ్గరగా చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది: నిజమైన పొగమంచులో 10 మీటర్ల దూరాన ఉన్న లేన్ గీత అంచు పదునుగా ఉంటుంది, 100 మీటర్ల దూరాన ఉన్నది మాత్రమే కరిగిపోతుంది. అద్దానికి ఆవిరి పడితే దగ్గరి గీత, దూరపు గీత, బానెట్ అంచు అన్నీ ఒకే మోతాదులో మసకబారతాయి. మసక దూరంతో పాటు పెరుగుతోందా లేదా అన్న ఒక్క పరీక్షను తప్పకుండా చేర్చండి. లెన్స్ మురికిని, ఎదురెండ మెరుపును కూడా ఈ పరీక్ష చాలావరకు వడపోస్తుంది.

ఇంకో విషయం చాలా మంది దృష్టికి రాదు. కెమెరా లోపలి ఇమేజ్ ప్రాసెసర్ చిత్రాన్ని అందంగా చూపించాలని కాంట్రాస్ట్‌ను చోటును బట్టి పెంచుతుంది, మసకను తీసేస్తుంది. మనం వెతుకుతున్న సాక్ష్యాన్ని అది మన కంటే ముందే తుడిచేస్తోందన్నమాట. వీలైతే ఆ సవరణలకు ముందున్న ముడి డేటా తీసుకోండి. వీలు కాకపోతే కనీసం ప్రతి ఫ్రేముతో పాటు ఎక్స్‌పోజర్, గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే మోతాదు) విలువలనైనా భద్రపరచండి. పగటి వేళ గెయిన్ అసాధారణంగా పెరగడమే మబ్బు కమ్మిందనడానికి మంచి సూచన.

రోడ్డు ఉపరితలం గురించి. తడిసిన రోడ్డు నల్లబడుతుంది, దీపాలనూ ఆకాశాన్నీ అద్దంలా ప్రతిబింబిస్తుంది. ఈ రెండూ కలిసి కనబడితే తడి అని నమ్మవచ్చు. నల్లబడటం ఒక్కటే చాలదు, ఎందుకంటే కొత్తగా వేసిన తారు కూడా నల్లగానే ఉంటుంది. రాత్రివేళ ఎదురు దీపాల ప్రతిబింబాలు రోడ్డు మీద నిలువు చారలుగా సాగితే అది తడికి బలమైన గుర్తు. ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే దాటనిచ్చే పోలరైజేషన్ ఫిల్టర్ పెడితే నీటి మెరుపు సులువుగా తెలుస్తుందని పుస్తకాల్లో చదివి ఉంటారు. నీటికి ఆ ప్రభావం గరిష్ఠంగా ఉండేది లంబానికి 53 డిగ్రీల దగ్గర. 1.2 మీటర్ల ఎత్తున్న కెమెరాకు ఆ కోణం వచ్చేది 1.6 మీటర్ల దూరంలో, అంటే బానెట్ కింద, కనబడని చోట. 20 మీటర్ల దూరానికి కోణం 86 డిగ్రీలు దాటిపోతుంది, అక్కడ ఫిల్టర్ చూపే తేడా బాగా తగ్గిపోతుంది. మీకు ఆ ఆలోచన ఉంటే ఖర్చు పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి.

మంచుపొర సంగతి నేను ముందే ఎందుకు ఖండించానంటే, నీటికీ గడ్డకట్టిన నీటికీ మధ్య తేడా స్పష్టంగా కనబడేది 1400 నుంచి 1600 నానోమీటర్ల సమీప పరారుణ కాంతిలో. మామూలు కెమెరాలోని సిలికాన్ సెన్సర్‌కు సుమారు 1100 నానోమీటర్ల దగ్గరే చూపు ఆగిపోతుంది. ఎంత డేటా పోసి నేర్పినా, సెన్సర్‌కు అందని సమాచారాన్ని నెట్‌వర్క్ సృష్టించలేదు. అలాంటి చోట బయటి ఉష్ణోగ్రత, చక్రాల జారుడు సంకేతాలే దిక్కు. రోడ్డు తడిగా ఉందని కెమెరా, ఉష్ణోగ్రత 3 డిగ్రీల లోపు ఉందని థర్మామీటరు చెబితే "మంచుపొర ఉండే అవకాశం" అని హెచ్చరించవచ్చు, ఉందని మాత్రం ప్రకటించకూడదు.

ఇక నెట్‌వర్క్ శిక్షణకు వద్దాం. 2018లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన బీడీడీ100కే అనే డేటా సేకరణలో లక్ష వీడియోలకు వాతావరణ లేబుళ్లు ఉన్నాయి, కానీ పొగమంచు చిత్రాలు చాలా అరుదు. 2021లో వచ్చిన ఏసీడీసీ అనే మరో సేకరణలో పొగమంచు, రాత్రి, వాన, హిమం పరిస్థితుల్లో తీసిన 4,006 చిత్రాలు ఉన్నాయి. ఇవి మొదలుపెట్టడానికి బాగుంటాయి, మీ కెమెరా, మీ అద్దం, మీ అమరిక ఎత్తుతో తీసిన చిత్రాలు మాత్రం తప్పనిసరి. నిర్మలమైన చిత్రాలకు కోష్మీడర్ సూత్రంతో కృత్రిమంగా పొగమంచు అద్దే పద్ధతి కూడా ఉంది. అది మేలు చేస్తుంది, కానీ నిజమైన పొగమంచు పాయలు పాయలుగా ఉంటుంది, అద్దినది ఒకే మందంతో ఉంటుంది. కాబట్టి పరీక్షకు మాత్రం ఎప్పుడూ నిజమైన చిత్రాలే వాడండి.

శిక్షణకూ పరీక్షకూ డేటాను ఫ్రేముల వారీగా విడగొట్టకండి, ప్రయాణాల వారీగా విడగొట్టండి. ఒకే ప్రయాణంలోని పక్కపక్క ఫ్రేములు దాదాపు ఒకటే. అవి రెండు వైపులకూ పడితే మీకు కనిపించే ఫలితం కేవలం జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది. నేనే ఒకసారి ఆ పొరపాటు చేసి, అద్భుతమైన ఫలితాలు వచ్చాయని మా బృందానికి చూపించాను. కొత్త మార్గంలో నడిపిన మొదటి రోజే అది కూలిపోయింది. వెతికితే, మా వాన చిత్రాల్లో ఎక్కువ భాగం ఒకే మార్గంలో తీసినవని, నెట్‌వర్క్ వానను కాక ఆ మార్గంలోని వంతెన రెయిలింగును నేర్చుకుందని తేలింది. నిర్ణయం తీసుకునేటప్పుడు నెట్‌వర్క్ చిత్రంలో ఏ భాగాన్ని చూస్తోందో పటం గీయించి పరిశీలిస్తే ఇలాంటివి ముందే దొరుకుతాయి. ఆ పని అప్పుడు చేయనందుకు నేను ఇప్పటికీ బాధపడుతుంటాను, ఎందుకంటే దానికి ఒక పూట కంటే ఎక్కువ పట్టదు.

ఒక్కో ఫ్రేము నిర్ణయాన్ని నేరుగా బయటికి పంపకండి. వంతెన కిందినుంచి వెళ్లే రెండు సెకన్లలో వాన ఆగినట్టు, బయటికి రాగానే మళ్లీ మొదలైనట్టు నివేదిక వెళ్తే ఎవరూ మిమ్మల్ని నమ్మరు. ఒక స్థితిలోకి వెళ్లడానికి ఒక హద్దు, దాని నుంచి బయటపడటానికి అంతకంటే కఠినమైన మరో హద్దు పెట్టండి. "తెలియదు" అనే జవాబును కూడా చెల్లుబాటయ్యే జవాబుగా ఉంచండి. వాహనంలోని కంప్యూటర్లను కలిపే క్యాన్ బస్ నుంచి వైపర్ వేగం, బయటి ఉష్ణోగ్రత, హెడ్‌లైట్ స్థితి, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) సంకేతాలు తీసుకోగలిగితే, అవి ఏ అదనపు సెన్సర్ లేకుండా దొరికే సాక్షులు. అమెరికాలోని వాతావరణ పరిశోధన సంస్థ ఎన్‌సీఏఆర్ రూపొందించిన వెహికిల్ డేటా ట్రాన్స్‌లేటర్ అనే వ్యవస్థ ఇలాంటి వాహన సంకేతాలను వాతావరణ పరిశీలనలతో కలిపి రోడ్డు పరిస్థితిని అంచనా వేయడానికే పుట్టింది. మీకు చాలా వాహనాలు ఉన్నాయి కాబట్టి, ఒకే రోడ్డు ముక్క మీద పది నిమిషాల్లో వెళ్లిన మూడు వాహనాలు ఏకీభవిస్తేనే ప్రకటించే నియమం పెట్టవచ్చు. పురుగుల మచ్చలు, అద్దపు ఆవిరి, లారీ చిమ్మిన నీళ్లు చాలావరకు అక్కడే రాలిపోతాయి. చిత్రాలను పంపకుండా ఈ కొలతల అంకెలను మాత్రమే పంపితే దారిన పోయేవారి ముఖాలు, నంబరు ప్లేట్లు మీ సర్వరుకు చేరవు, డేటా భారం కూడా తగ్గుతుంది.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే, తుడుపుల మధ్య బిందువుల లెక్కతోనూ, పగటి పొగమంచు కొలతతోనూ మొదలుపెట్టమంటాను. రెండింటికీ పెద్ద నెట్‌వర్క్ అవసరం లేదు, తప్పు జరిగినప్పుడు కారణం కళ్లకు కనబడుతుంది. కెమెరా ఎత్తు, పిక్సెళ్లలో ఫోకల్ దూరం, వాహనం వంపును కొలిచే జైరో సమాచారం అందుబాటులో ఉందా లేదా, ఈ మూడూ ఇక్కడ రాస్తే, మీ అమరికలో పొగమంచు కొలతను ఎన్ని మీటర్ల దాకా నమ్మవచ్చో నేనే లెక్కగట్టి చెబుతాను.